బావ బండి మూలుగు

మా బావ బండి మూలగడం మొదలుపెట్టినప్పుడు ఆ చప్పుడు చేవెళ్ల నుంచి షాబాద్ దాకా వినిపించిందని నేనంటే బావ ఒప్పుకోడు. "మా వాకిలి దాంక ఇనొచ్చింది, గంతే" అంటాడు. సరే, వాకిలి దాకానే అనుకుందాం. కానీ ఆ మూలుగుకు పక్కింటి బర్రె పలుపు తెంపుకునేంత ప్రేమగా జవాబివ్వడం మాత్రం నేను నా రెండు చెవులతో విన్నాను.

అందుకే బావ దాన్ని బండి అనడు, బర్రె అంటాడు. మోటారు సైకిలు సీటునూ హ్యాండిలునూ తెచ్చి నాలుగు లావుపాటి చక్రాల మీద కూర్చోబెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. బురద, గుంతలు, దున్నిన చేను, దేనికీ వెరవదు. సిటీవాళ్లు ఏటీవీ అంటారు. అజీజ్‌నగర్‌లో ఒక రిసార్టువాళ్లు అలాంటివి కొన్ని పెట్టుకుని, ఆదివారాలు సిటీ నుంచి వచ్చినవాళ్లను ఎక్కించి మామిడి తోట చుట్టూ తిప్పేవారు. ఆ బండ్ల బాగోగులు చూసింది నేనే. నా హోదా టెక్నికల్ డైరెక్టరు. ఆ హోదా ఇచ్చుకున్నది కూడా నేనే. ఓనరు దృష్టిలో మాత్రం నేను స్పానర్లు పోగొట్టేవాణ్ణి.

పోయిన ఏడు వానాకాలంలో ఆ రిసార్టు మూతపడింది. బండ్లు అమ్మేస్తున్నారని చెప్పగానే మా అక్క మొయినాబాద్‌లో మా ఇంటికి వచ్చి కూర్చుంది.

"ఒకటి నాకు ఇప్పియ్యి తమ్మీ."

"నువ్వు తోల్తవా అక్కా?"

"మీ బావకు. పొలం చూడకుంటే ఆయన ఎండిపోతుండు."

అసలు సంగతి బావ మోకాలు. బీట్‌రూట్ బస్తాలు ఎత్తిస్తూ ట్రాలీ మీది నుంచి పడ్డాడు. ఆ మోకాలు సిటీలో లేని దవాఖాన లేకుండా తిరిగింది, వెనకాలే బావ కూడా తిరిగాడు. చివరికి ఇంట్లో చేతికర్రతో నడిచే వరకు వచ్చి ఆగిపోయింది. చదునైన గచ్చు మీద నడుస్తాడు, దుక్కిలో అడుగు పడదు. వాళ్ల పొలం వాగుకు అవతల. నల్లరేగడి. వాన పడితే ఆ నేల మనిషి చెప్పులు కాదు, కాళ్లే ఊడబెరుక్కుంటుంది. అక్కడికి ఆటో రాదు, మోటారు సైకిలు పోదు. నాలుగు చక్రాలూ ఒక్కసారి లాగే బండి ఒక్కటే పోతుంది.

అలా బర్రె బావ వాకిట్లోకి వచ్చింది. బావకు మళ్లీ కాళ్లొచ్చాయి. నమ్మండి నమ్మకపోండి, మొదటి రోజు ఆయన ఆ బండి మీద పొలానికి పోయి, తిరిగొచ్చి, మళ్లీ పోయి, సాయంత్రానికి పెట్రోలు ట్యాంకు ఎండబెట్టాడు. అక్క గడపలో కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వడం.

ఆ చలికాలంలోనే అక్క పోయింది. జ్వరమని తనే నడిచి ఆటో ఎక్కి చేవెళ్ల దవాఖానకు పోయింది. ఎక్కేముందు పొయ్యి మీద పప్పు ఉందని, మాడకుండా చూడమని బావకు చెప్పింది. బావ పప్పు చూశాడు, అది మాడలేదు. అక్క తిరిగి రాలేదు. దీనికి నేను కలపగలిగింది ఏమీ లేదు. ఉన్నదే ఎక్కువ.

పొలంలోనే, ఆమె ఏటా బతుకమ్మకని బంతి నాటించే మడి గట్టున మట్టి చేశాం. అప్పటి నుంచి బావ రోజూ పొద్దున్నే బర్రెనెక్కి అక్కడికి పోతాడు. అక్కడేం చేస్తాడో చెప్పడు. ఒకసారి అడిగితే "బంతి చెట్లకు పురుగు వట్టిందా సూస్త" అన్నాడు. ఎండాకాలంలో అక్కడ బంతి చెట్లు కాదు కదా, గడ్డి పోచ కూడా లేదు.

కాబట్టి, మొన్న పెత్రమాసకు రెండు రోజుల ముందు బావ ఫోన్ చేసి "బామ్మర్దీ, బర్రె ఒర్లుతున్నది" అన్నప్పుడు, అది బండి సంగతి ఒక్కటే కాదని నాకు తెలుసు. పెత్రమాస అంటే పోయినవాళ్లకు పెట్టుకునే అమావాస్య. అక్క లేకుండా వచ్చిన మొదటిది. ఆ పొద్దున బావ వాగు దాటి ఆమె దగ్గర కూర్చోవాలి. ఆ బర్రె మోస్తేనే కూర్చోగలడు.

నా సామాన్ల సంచీ భుజానేసుకుని వెళ్లాను. వంతెనలు కట్టే ఇంజినీర్లు కూడా అంత సంచీతో వెళ్లరు. వాకిట్లో నులక మంచం మీద చేతికర్ర ఆనించుకుని కూర్చుని ఉన్నాడు బావ.

"వొచ్చిండమ్మా పెద్ద డాక్టరు! పేషెంటు పోయినంక వొస్తవనుకున్న."

"దారిల ట్రాఫిక్ బావా. మొయినాబాద్ కాడ బండ్లు ఆకాశం దాంక ఆగినయి."

"నువ్వు చెప్పేదాంట్ల సగం తీసెయ్యాలె, మిగిలినదాంట్ల ఇంకో సగం తీసెయ్యాలె. అంటే ఒక గేటు పడ్డదన్నట్టు."

అది కూడా పడలేదు. ఛాయ్ తాగడానికి ఆగాను.

ముందు బండి ఎక్కి వీధి చివరి దాకా పోయొచ్చాను. ఈ జాతి బండికి గొలుసు ఉండదు. ఇంజను బలాన్ని రెండు ఇనుప కడ్డీలు తిరుగుతూ మోసుకుపోతాయి, ఒకటి వెనక చక్రాలకు, ఒకటి ముందు చక్రాలకు. వాటిని షాఫ్టులంటాం. ముందు షాఫ్టు పోయి ముందు చక్రాల నడుమ ఉండే గేర్ల డబ్బాలో దూరుతుంది. ఆ డబ్బా గుమ్మడికాయంత ఉంటుంది. బావ కొలతలో జామకాయంత.

మెల్లగా పోతే సన్నగా మూలుగు, వేగం పెంచితే మూలుగు పెరుగుతోంది. వేగంతో పెరిగేది ఇంజను జబ్బు కాదు, తిరిగే సామాను జబ్బు. హ్యాండిలు కుడికి విరిచాను, ఎడమకు విరిచాను. టిక్కు టిక్కుమని లేదు, అంటే చక్రాల దగ్గరి జాయింట్లు బాగానే ఉన్నాయి. ముందుకు పోతున్నదాన్ని ఆపి వెనక్కి వేస్తే మాత్రం పొట్ట కింద టక్‌మని ఒక దెబ్బ.

"క్రాస్ పోయింది బావా" అని దిగకుండానే ప్రకటించాను. షాఫ్టు చివర మెడలాగా వంగే కీలును క్రాస్ అంటారు. "పరీక్ష కూడా అక్కర్లేదు. ఈ చెవి ఒక్కసారి ఇన్నదంటే ఇన్నట్టే."

"ఆ చెవితోనే కదా, టీవీ ఖరాబైందని ఇప్పి సూసి, కరెంటు లేదని సాయంత్రం చెప్పినవ్."

బండి పొట్టను దుంగల మీదికి ఎత్తి, చక్రాలు గాలిలో ఉంచి, గేరు తీసేసి కిందికి దూరాను. నా పొట్ట కూడా ఒకటుంది కాబట్టి ఆ రెండు పొట్టల నడుమ కొంత సంప్రదింపు జరిగింది. వెనక షాఫ్టును పట్టుకుని అటూ ఇటూ తిప్పాను. వెంట్రుకంత కూడా వదులు లేదు. క్రాసు కొత్త పెళ్లికొడుకులా బిగుసుకుని ఉంది. నా చెవి పరువు అక్కడే పోయింది.

"ఏమైంది, పలుకుత లేవు?"

"ఆలోచిస్తున్న."

"అయితే ఇయ్యాల ఇక్కడ్నే పంటవన్నట్టు."

ఇంజను నడిపిస్తూ పెద్ద స్క్రూడ్రైవరు మొనను ఒక్కో చోట ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాను. దవాఖానలో డాక్టరు గుండె విన్నట్టే ఇది. వెనక డబ్బా నిద్రపోతున్న పసిపిల్లలా ఉంది. నడుమ ఇంజను దగ్గర మామూలు గోల. ముందు డబ్బా మీద పెట్టేసరికి, అబ్బ, నా పళ్లు కదిలాయి. గరుకు రాయి మీద గరుకు రాయి నూరినట్టు చప్పుడు.

అయినా ఒక చెవికి రెండుసార్లు పరువు పోకూడదని, ముందు షాఫ్టు ఊడదీసి పక్కన పెట్టి, ఒట్టి వెనక చక్రాల బలంతో బండిని వీధిలో తిప్పాను. మూలుగు లేదు. పక్కింటి బర్రె తల ఎత్తి చూసి, ఏమీ వినపడక, దిగులుగా గడ్డి తినసాగింది.

"రోగం దొరికింది బావా! ముందట ఉన్నది."

"రోగం కాదుర, మందు దొరకాలె. ఎల్లుండికి నడుస్తదా?"

ఆ మాట అడిగేటప్పుడు ఆయన నావైపు చూడలేదు. చేతికర్రతో నేల మీద గీతలు గీస్తున్నాడు.

ముందు డబ్బా కింది బోల్టు విప్పాను. నూనె దడదడా కారాలి. చెంచాడు వచ్చింది. తారులాగా నల్లగా ఉంది, అందులో ఇనుప రజను మెరుస్తోంది. నూనె లేక లోపలి బేరింగు మాడిపోయింది. మరి నూనె ఎటు పోయింది? అది తనంతట తాను తాగేయదు. షాఫ్టు దూరే చోట నూనె బయటికి రాకుండా రబ్బరు సీలు ఉంటుంది. దాని చుట్టూ మట్టి అట్టకట్టి ఉంది. డీజిలు గుడ్డతో తుడిచాను. మట్టి కింద నల్లగా ఏదో చుట్టుకుని, వేడికి కరిగి, ముద్దగా సీలు అంచులోకి కోసుకుని పోయి ఉంది.

పాలీహౌసుల మీద కప్పే వల పీలిక అనుకున్నాను. చేవెళ్ల చుట్టుపక్కల గాలి వీస్తే ఆకులకన్నా ఆ పీలికలే ఎక్కువ రాల్తాయి. పటకారుతో పట్టి లాగాను. వల కాదు. సన్నగా, పొడుగ్గా, వెంట్రుకలు. లాగుతున్నకొద్దీ వస్తున్నాయి. ఒక చివర ముడి. ముడిలో ఎర్ర దారం. షాఫ్టు కింది రేకు మీద పేరుకున్న మట్టిని గీకితే ఒక గవ్వ పడింది. చిన్నది, తొర్రిది.

బండి కింద వెల్లకిలా పడుకుని ఆ గవ్వను అరచేతిలో పెట్టుకున్నాను. వెంటనే పోయిన దసరా కళ్లముందుకు వచ్చింది.

అక్కకు దిష్టి అంటే ప్రాణం. గవ్వ గుచ్చిన నల్ల తాడు తలుపుకు కట్టేది, ట్రాక్టరుకు కట్టేది, ఎక్కువ గుడ్లు పెట్టే కోడికి కూడా ఒకసారి కట్టింది. బావ సర్పంచికి నిలబడి ఓడిపోతే "నీకు దిష్టి తగిలింది" అన్నది. "దిష్టి కాదే, ఓట్లు పడలే" అన్నాడు బావ. అక్క ఏది కడితే అది బావ తెంపేసేవాడు. ఒకనాడు తలుపుకు కట్టిన నిమ్మకాయను కోసి, మజ్జిగలో పిండుకుని ఆమె ముందే తాగితే, అక్క మూడు ఊళ్ల దేవతలకు మొక్కుకుంది. దసరా నాడు బండి కడిగి పసుపు కుంకుమ పెట్టాక హ్యాండిలుకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టింది. బావ అక్కడికక్కడే తెంపి గోడ అవతలికి విసిరాడు.

"ఇగ కట్టను పో" అన్నది అక్క.

ఆ తర్వాత కొబ్బరికాయ మర్చిపోయానని, మంచి కాయ చూసి తెమ్మని మా ఇద్దరినీ బర్రె మీదే దుకాణానికి తోలింది. తెచ్చాక, బండి చల్లారనియ్యండని లోపల కూర్చోబెట్టి ఛాయ్ ఇచ్చి, తను మాత్రం బయటే ఉండిపోయింది. మేం వచ్చి చూస్తే మోచేతుల దాకా గ్రీజు. పండుగ చీర కొంగు నిండా గ్రీజు. "ఏం జేసినవే?" అంటే "పూజ జేసిన" అన్నది.

ఎవరికీ కనపడని చోట, బావ చేతికి అందని చోట కట్టింది. నల్ల తాడు దొరకలేదేమో, తన సవరం లోంచి ఒక పాయ తెంపి కట్టింది. జడ పలచబడ్డాక పండుగలకూ పెండ్లిళ్లకూ జడలో కలిపి అల్లుకునే సవరం అది. బండి కింద గట్టిగా, నడిమధ్యలో, వెన్నుపూసలా కనిపించినదానికి కట్టింది. అది తిరిగేదని ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆగి ఉన్న బండి కిందికి దూరినవాళ్లకు అది కదలని కడ్డీయే. అది రోజూ తిరుగుతూ, తిరుగుతూ, కొంచెం కొంచెం జరుగుతూ పోయి సీలు గొంతుకు బిగుసుకుంది.

"బతికే ఉన్నవా?" బావ కేక.

బయటికి వచ్చాను. చెప్పడానికి నా దగ్గర చాలా కథలు తయారయ్యాయి. వల పీలిక, ఎలుక గూడు, రిసార్టులో ఎవరో సిటీ అమ్మాయి జడ. మామూలుగా ఒక్కోదానికీ కొమ్ములు, తోక మొలిపించి అమ్మగలను. కానీ గవ్వ నా పిడికిట్లో ఉంది, పిడికిలి విప్పకుండా బావ వదల్లేదు.

ఆయన ఆ నల్ల ముద్దను తీసుకుని వేళ్లతో విడదీశాడు. చాలాసేపు.

"ఇది మీ అక్క సవరం."

"ఊ."

"యాడ దొరికింది?"

"ముందు షాఫ్టుకు చుట్టుకున్నది. సీలు కోసింది. నూనె పోయింది. బేరింగు పోయింది." జీవితంలో నేను ఏదీ తగ్గించకుండా, పెంచకుండా చెప్పిన మాటలు అవే అనుకుంటాను.

బావ నవ్వాడు. మొదట మెల్లగా, తర్వాత మంచం నులక కదిలేలా, దగ్గు వచ్చేదాకా. "సూసినవా? తెంపుతనని నాకు దొరకకుంట కట్టింది! బండి కింద దూరి కట్టింది!" మళ్లీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది.

"దసరకు కట్టింది కదా?"

"అప్పుడే."

"అంటే నేను పొద్దుగాల పొద్దుగాల ఆమె కాడికని పోతుంటే, ఆమె నా కిందనే తిరుగుతున్నదన్నట్టు."

నేను స్పానర్లు తుడవడం మొదలుపెట్టాను. అప్పటికే తుడిచినవి మళ్లీ తుడిచాను.

కొత్త సీలు, బేరింగు సిటీ నుంచి రావాలి. సామాన్ల దుకాణంవాడికి ఫోన్ చేసి బతిమాలాను, బెదిరించాను, టెక్నికల్ డైరెక్టరు హోదాలో మాట్లాడాను. పండుగ దాటాకే అన్నాడు. ఇక మిగిలింది ఒకటే దారి. ముందు షాఫ్టు లేకుండా వెనక చక్రాల బలంతో పోవడం. ఎండిన నేల అయితే పోతుంది.

పెత్రమాస ముందు సాయంత్రం వాన పడింది. ఎంత పడిందో నేను చెప్పను, మీరు సగానికి సగం తీసేస్తారు.

పొద్దున బావ తెల్ల ధోవతి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బర్రెనెక్కాడు. మా ఇంటి ఆమె వండి పంపిన గారెలు, పరమాన్నం, అక్కకు ఇష్టమని చేసిన సర్వపిండి డబ్బాలో కట్టి వెనకాల పెట్టాం. నేను వెంట నడిచాను. బండి మూలగలేదు. దారంతా నిశ్శబ్దంగా, పెద్దమనిషిలా పోయింది. వాగులో నీళ్లు చీలమండ దాకానే ఉన్నాయి. దాటేముందు ఒక రేగడి మడుగు ఉంది. అక్కడ వెనక చక్రాలు ఒక్కసారి గిర్రున తిరిగి, బురద నా ముఖాన కొట్టి, ఇరుసు దాకా కూరుకుపోయాయి.

తోశాను. రాళ్లు వేశాను. తుమ్మ కొమ్మలు వేశాను. బావ రేసు ఇచ్చినకొద్దీ కిందికే పోయింది. ముందు చక్రాలు రెండూ గట్టి నేల మీద ఖాళీగా నిలబడి చూస్తున్నాయి. అవి ఒక్క పట్టు పడితే చాలు.

"ఎత్తుకుంట బావా. వీపు మీద ఎక్కు."

"నువ్వా? నిన్ను ఎత్తుకునేటందుకు ఇంకొకడు గావాలె."

అయినా ఎత్తుకోబోయాను. మేమిద్దరం పడ్డాం. ఇస్త్రీ చొక్కా నల్లబడింది. ఆయన్ని లేపి మళ్లీ సీటు మీద కూర్చోబెట్టేసరికి ఇద్దరికీ ఊపిరి అందలేదు. బావ మోకాలు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అవతల గట్టున ఈ ఏడూ కూలీలతో నాటించిన బంతి మడి పచ్చగా, విరగబూసి కనిపిస్తోంది. చూస్తే దగ్గరే.

"నువ్వు పోయి పెట్టు" అన్నాడు.

"ట్రాక్టరు పిలుస్త బావా, జర ఆగు."

"పండుగ పూట ఎవడొస్తడు? అన్నం సల్లబడుతది. పో."

డబ్బా నెత్తిన పెట్టుకుని వాగు దాటాను. గట్టు మీద కూర్చుని ఆకు పరిచాను. గారెలు, పరమాన్నం, సర్వపిండి. నాలుగు బంతిపూలు తెంపి పెట్టాను. అక్క బతికున్నప్పుడు నా మాటలకు అడ్డం ఉండేది కాదు. "ఇగ ఆపు తమ్మీ, కడుపు నొస్తున్నది" అని నవ్వుతూ మొత్తుకునేది.

వెనక నుంచి కేక వినిపించింది. తిరిగి చూశాను. బావ బురదలో కూరుకుపోయిన బర్రె మీద నిటారుగా కూర్చుని, చేయి నోటికి అడ్డం పెట్టుకుని అరుస్తున్నాడు.

"చెప్పినవా?"

"ఏం చెప్పాలె బావా?"

"నేనొస్తనని. బండి బాగయినంక వొస్తనని చెప్పు."

"చెప్త!"

మళ్లీ కేక, ఈసారి కొంచెం చిన్నగా.

"బామ్మర్దీ! సవరం సంగతి చెప్పకు."

నేను తల ఊపాను. అంత దూరానికి కనపడదేమోనని మళ్లీ ఊపాను. తర్వాత ఆకు వైపు తిరిగి, బండికి చిన్న రిపేరు అక్కా, ఆయిల్ మార్చుడే, పండుగ దాటినంక ఆయనే వస్తడు అని చెప్పాను.